వివరపట్టికలోని అంకెలు: వన్‌ప్లస్ నార్డ్ ఫోనుపై ఒక విమర్శ

పుస్తకమును విమర్శించువారు మొదట పుస్తకమును చదువుదురు. ఫోనును విమర్శింపదలచినవారు చదువవలసినది దాని వివరపట్టిక. అంగడిలో దీనిని ‘స్పెసిఫికేషన్లు’ అందురు. తెర ఇన్ని అంగుళములు, కెమేరా ఇన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఇన్ని మిల్లీ ఆంపియర్ గంటలు అని వరుసగా అంకెలు పేర్చిన కాగితమది. పదవ తరగతి భౌతికశాస్త్రము చదివిన విద్యార్థికి ఈ పట్టికలో సగము అర్థము కావలెను. కాని కొనునప్పుడు ఆ చదువును అంగడి గుమ్మము వెలుపలనే విడిచి లోపలికి పోవుట మనకు అలవాటైనది. అందువలన ఈ వ్యాసములో ఒక ఫోనును తీసికొని, దాని పట్టికను పంక్తి వెంట పంక్తి పరిశీలింతుము.

అందులకు నేను ఎన్నుకొన్నది వన్‌ప్లస్ నార్డ్ అను ఆండ్రాయిడ్ ఫోను. ఇది 2020 జూలై 21న వెలువడినది. ఇది క్రొత్తది కాదు. కావుననే విమర్శకు అనుకూలము. నిన్న వచ్చిన ఫోను విషయములో మనము వాగ్దానములను మాత్రమే పరీక్షింపగలము. అయిదేండ్లు దాటిన ఫోను విషయములో ఆ వాగ్దానములు ఏమైనవో కూడ చూడవచ్చును.

హైదరాబాదులో దీనిని గురించి మాటలాడుటకు మరియొక కారణము కలదు. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపురము చుట్టును బండరాళ్లే ఎక్కువ. అచటినుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు వ్యాపించిన నేటి ఐటీ వాడలో ఈ ఫోనుతో సంబంధమున్న సంస్థలు మూడు ఉన్నవి. ఆండ్రాయిడ్‌ను నడుపు గూగుల్ 2004నుండి ఈ నగరములో పని చేయుచున్నది. ఫోనునకు మెదడు వంటి చిప్పును రూపొందించిన క్వాల్కామ్ సంస్థకు ఇచట పెద్ద కార్యాలయమున్నది. ఫోనును తయారుచేయించిన వన్‌ప్లస్ సంస్థ 2019 ఆగస్టులో తన పరిశోధనాకేంద్రమును హైదరాబాదులో తెరచి, మూడు సంవత్సరములలో వేయి కోట్ల రూపాయలు దానిపై వెచ్చింతుమని ప్రకటించినది. కెమేరాల పరీక్షకు ఒకటి, సమాచార ప్రసారమునకు ఒకటి, స్వయంచాలక పరీక్షలకు ఒకటి చొప్పున అందు మూడు ప్రయోగశాలలు ఏర్పడినవి. మన పిల్లలు అనేకులు ఇంజనీరింగు ముగించి ఇటువంటి చోట్ల ఉద్యోగములకై పోవుచున్నారు. అయినను ఆ ఫోనులోని ఏ భాగము ఏ ఊరిలో ఆలోచింపబడినదో వివరపట్టిక చెప్పదు.

ధర సంగతి. 6 గిగాబైట్ల రకము 24,999 రూపాయలు, 8 గిగాబైట్లది 27,999, 12 గిగాబైట్లది 29,999. ఇదే సంస్థ 2014 డిసెంబరులో మన దేశమున అమ్మిన తొలి ఫోను వెల 21,999. తరువాత వెలలు పెంచుకొనుచు పోయి, నార్డ్‌తో మరల మధ్యతరగతి వాకిటికి వచ్చినదన్నమాట. అదే సంవత్సరము ఏప్రిల్ 1నుండి ఫోనులపై జీఎస్టీ నూటికి 12నుండి 18కి పెరిగినది. కావున 27,999 రూపాయలలో సుమారు 4,271 రూపాయలు పన్నే. విద్యార్థులు 27,999ని 1.18తో భాగించి సరిచూచుకొనవచ్చును.

ఇక తెర. మూలనుండి మూలకు 6.44 అంగుళములు, నిలువున 2,400, అడ్డమున 1,080 బిందువులు. పైథాగరస్ సూత్రముచే మూలనుండి మూలకు 2,632 బిందువులు వచ్చును. దానిని 6.44చే భాగించిన అంగుళమునకు సుమారు 409. అనగా రెండు బిందువుల నడుమ దూరము 0.062 మిల్లీమీటరు. మంచి చూపు గల కన్ను డిగ్రీలో అరువదవ వంతు కోణమును వేరుపరుపగలదు. ముప్పది సెంటీమీటర్ల దూరమున అది 0.087 మిల్లీమీటరగును. కావున ఈ తెర కన్ను కోరినదానికంటె ఇంచుక ఎక్కువే ఇచ్చుచున్నది. ఇంతకంటె ఎక్కువ బిందువులున్న తెరకు ఎక్కువ వెల పెట్టుట, ఆ దూరమున చదువువానికి, వృథా. సెకనుకు 90 మారులు బొమ్మ మారునని చెప్పిన మాట మాత్రము కంటికి తెలియును. సాధారణ తెరపై ఒక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకనులు నిలువగా దీనిపై 11.1 మాత్రమే నిలుచును. వ్రేలితో పేజీని జరుపునప్పుడు అక్షరములు తడబడకుండుట అందువలననే. ఈ పంక్తికి నేను పూర్తి మార్కులు ఇత్తును.

పట్టికలో అందరి కన్ను పడునది కెమేరా పంక్తి. వెనుక నాలుగు, ముందు రెండు, వెరసి ఆరు కెమేరాలు. వెనుకనున్న ప్రధాన కెమేరాకు 48 మెగాపిక్సెళ్లు. ఇందలి సెన్సర్ సోనీ సంస్థవారి ఐఎంఎక్స్586, 2018లో ప్రకటింపబడినది. దీనిపై అడ్డమున 8,000, నిలువున 6,000 పిక్సెళ్లున్నవి. హెచ్చవేసిన నాలుగు కోట్ల ఎనుబది లక్షలు. ఇంతవరకు అంకె నిజమే. ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు 0.8 మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయింట ఎనిమిది పదవవంతులు. ఈ లెక్కన సెన్సర్ పొడవు 6.4 మిల్లీమీటర్లు, వెడల్పు 4.8, కర్ణము సరిగా 8 మిల్లీమీటర్లు. రేఖాగణితములోని 3, 4, 5 త్రిభుజమిక్కడ మనకు ఎదురైనది! అయితే ఈ సెన్సర్‌ను ‘అర అంగుళపు సెన్సర్’ అని పిలుచుచున్నారు. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు గదా? పూర్వము టెలివిజను కెమేరాలలో గాజుగొట్టములుండెడివి. గొట్టపు వెలుపలి కొలతను చెప్పుట ఆచారము. గొట్టములు పోయినవి, ఆచారము మిగిలినది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నాలుగు కోట్ల ఎనుబది లక్షల పిక్సెళ్లు అన్ని వివరములను పట్టగలవా? కాంతి తరంగము గనుక ఎంత మంచి కటకమైనను ఒక చుక్కను చుక్కగానే నిలుపజాలదు. చిన్న వెలుగు బిళ్లగా పరచును. వివర్తనమను ఈ ధర్మము వలన ఏర్పడు బిళ్ల పరిమాణమును ఇంగ్లండు దేశపు జార్జి ఎయిరీ 1835లో లెక్కకట్టెను. బిళ్ల వ్యాసము కావలెనన్న 2.44ను కాంతి తరంగదైర్ఘ్యముచేతను, కటకపు ఎఫ్ సంఖ్యచేతను హెచ్చింపవలెను. నార్డ్ ప్రధాన కెమేరా ఎఫ్ సంఖ్య 1.75. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యము 0.55 మైక్రాను. హెచ్చింపగా 2.35 మైక్రానులు వచ్చును. పిక్సెల్ వెడల్పు 0.8 మాత్రమే. అనగా ఒక చుక్క వెలుగు వరుసగా మూడు పిక్సెళ్ల మేర పరచుకొనును. ఆ మూడును వేర్వేరు వార్తలను చెప్పునని ఆశించుట ఒకే వానచుక్క క్రింద మూడు గిన్నెలు పెట్టి మూడు వానలు కురిసినవనుట వంటిది.

తయారుచేసినవారికి ఇది తెలియనిది కాదు. ఈ సెన్సర్‌లో నాలుగేసి పిక్సెళ్లపై ఒకే రంగు వడపోత ఉండును. మామూలుగా ఫోను ఆ నాలుగింటిని కలిపి ఒకటిగా లెక్కించి, ఒక కోటి ఇరువది లక్షల పిక్సెళ్ల బొమ్మనే భద్రపరచును. కలిపిన పిక్సెల్ వెడల్పు 1.6 మైక్రానులు, వైశాల్యము నాలుగింతలు, అది పట్టు వెలుగు కూడ నాలుగింతలు. చీకటిలో తీసిన బొమ్మ మెరుగగుట ఇందువలన. కావున ఈ కెమేరా మంచిదే. కాని దాని మంచితనమును చెప్పు అంకె 48 కాదు, 12. చేయి వణకినను బొమ్మ చెదరకుండ కటకమును సవరించు ఏర్పాటొకటి దీనికున్నది. అది 48కంటె ఎక్కువ విలువైనది. ప్రకటనలలో దాని అక్షరములు చిన్నవి. ఇక మిగిలిన కెమేరాలలో 8 మెగాపిక్సెళ్ల విశాలదృశ్యపు కెమేరా పనికివచ్చును. లోతును కొలుచు 5 మెగాపిక్సెళ్లదియు, దగ్గరి వస్తువులకై పెట్టిన 2 మెగాపిక్సెళ్లదియు ‘నాలుగు కెమేరాలు’ అనిపించుకొనుటకు వచ్చినవని నా అభిప్రాయము.

బ్యాటరీ పంక్తిలో 4,115 మిల్లీ ఆంపియర్ గంటలని ఉన్నది. ఇది శక్తి కాదు, విద్యుదావేశము. 4.115ను 3,600చే హెచ్చింపగా 14,814 కూలుంబులు. శక్తి కావలెనన్న వోల్టేజి తెలియవలెను. ఇటువంటి ఘటములకు సగటున 3.85 వోల్టులనుకొన్న సుమారు 15.8 వాట్ గంటలు, అనగా 57,000 జౌలులు. అరువది కిలోల మనిషిని 97 మీటర్ల ఎత్తునకు లేపుటకు చాలునంత శక్తి మన చొక్కా జేబులో ఇముడుచున్నది. దినమునకొకమారు నింపినను సంవత్సరమునకు ఆరు యూనిట్లకు లోపే. చార్జరులో వేడిగా పోవునది కలిపినను ఏడెనిమిది యూనిట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఎనిమిది గంటలు వాడినంత ఖర్చు.

ఆవేశమును చెప్పి శక్తిని చెప్పకుండుట వలన మోసపోవు చోటు ఒకటి కలదు. అంగడిలో 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్‌బ్యాంకు అమ్ముదురు. ఆ అంకె లోపలి ఘటమునకు, 3.7 వోల్టుల వద్ద చెప్పినది. శక్తి 37 వాట్ గంటలు. వెలుపలికి వచ్చునది 5 వోల్టులతో. 37ను 5చే భాగింపగా 7,400 మిల్లీ ఆంపియర్ గంటలే, అదియు నష్టములను లెక్కింపక మునుపు. వాట్ గంటలలో చెప్పిన ఈ గజిబిజి ఉండదు. నార్డ్‌తో ఇచ్చిన చార్జరు 5 వోల్టులు, 6 ఆంపియర్లు. సామర్థ్యము 30 వాట్లు. అర్ధగంటలో అది ఇయ్యగలిగినది హెచ్చుకు హెచ్చు 15 వాట్ గంటలు. నష్టములు పోను, నిండుకొలది వేగము తగ్గుటను కూడ తలచిన, అర్ధగంటలో ఫోను పూర్తిగా నిండుట అసాధ్యమని పట్టికనుండియే తేలును.

చిప్పు, జ్ఞాపకము అను పంక్తులను త్వరగా దాటవచ్చును. చిప్పు పేరు స్నాప్‌డ్రాగన్ 765జి. అందు ఎనిమిది గణన విభాగములు, ఒకటి 2.4, ఒకటి 2.2, ఆరు 1.8 గిగాహెర్ట్‌జ్ వేగము గలవి. ఎనిమిది అని విని ఒకదానికి ఎనిమిదింతల వేగమని తలపరాదు. బరువైన పని వచ్చినప్పుడు పెద్దవి రెండు లేచును. తక్కిన వేళ చిన్నవి ఆరు తక్కువ విద్యుత్తుతో ఇల్లు నడుపును. ‘7 నానోమీటర్ల చిప్పు’ అను మాట ఒక తరము పేరుగా మారినది. చిప్పులో ఏ భాగమును కొలిచినను సరిగా ఏడు నానోమీటర్లు వచ్చునని అర్థము కాదు. 128 గిగాబైట్లని కొన్న నిలువ, రెండు యొక్క ఘాతములలో లెక్కించిన 119 మాత్రమే. అందు కొంత ఫోను నడుపు వ్యవస్థయే ఆక్రమించును. చాలకున్న పెంచుకొనుటకు మెమరీ కార్డు పెట్టు చోటు ఈ ఫోనులో లేదు. కొనువారు పెద్ద రకమునకు మొగ్గునట్లు చేయుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము వేరొకటి లేదు.

ఇక ఈ ఫోను పేరుప్రతిష్ఠలకు మూలమైన 5జి. చిప్పులోని మోడెము సెకనుకు 3.7 గిగాబిట్ల వరకు గ్రహింపగలదని క్వాల్కామ్ చెప్పినది. ప్రయోగశాల పరిస్థితులలోని గరిష్ఠ పరిమితి అది. కాని 2020 జూలైలో మన దేశమున 5జి గోపురము ఒక్కటియు ప్రజలకు అందుబాటులో లేదు. తరంగముల వేలము 2022 జూలై 26న మొదలై ఆగస్టు 1న ముగిసినది. సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనవి. ఆ నెలలోనే ఎయిర్‌టెల్ సంస్థ మొదటగా తెరచిన ఎనిమిది నగరములలో హైదరాబాదు ఒకటి; నవంబరులో జియో వచ్చినది. లెక్కించిన, ఫోను వెలువడిన నాటినుండి సేవ మొదలగువరకు ఇరువది ఆరు నెలలు దాటినవి. అంతవరకు పట్టికలోని 5జి పంక్తి బావిలేని ఊరిలోని చేద వంటిది.

అందులో తప్పేమి, మున్ముందు పనికివచ్చును గదా అనవచ్చును. నిజమే, ఫోను చిరకాలము బ్రతికిన. ఇచటనే పట్టికలో లేని పంక్తి ఒకటి ముఖ్యమగుచున్నది. నార్డ్ ఆండ్రాయిడ్ 10తో వచ్చినది. రెండు క్రొత్త ఆండ్రాయిడ్ తరములు, మూడు సంవత్సరముల భద్రతా సవరణలు ఇత్తుమని సంస్థ మాట. ఆ మాట నిలుపుకొన్నది: 11 వచ్చినది, 2022లో 12 వచ్చినది. మూడేండ్లు 2023లో తీరినవి. ముప్పదియారు నెలల భద్రమైన ఆయువులో ఇరువదియారు నెలలు 5జి లేకయే గడచినవి. వాడుకొనుటకు మిగిలినది పది నెలలు. ఫోనులో 5జి పరికరము చెడలేదు. తెర చెడలేదు. 57,000 జౌలుల ఘటము కొంత బలహీనపడియుండును, మార్చుకొనవచ్చును. పాతబడినది సాఫ్ట్‌వేరు ఒక్కటే. దొంగలు కనిపెట్టు క్రొత్త కన్నములను పూడ్చువారు లేని ఇంటివలె ఆ ఫోను నిలిచినది. దీనితోనే నేడు బ్యాంకు లెక్కలు, యూపీఐ చెల్లింపులు జరుగుచుండుట వలన ఇది చిన్న సంగతి కాదు.

ఈ లోపము నార్డ్‌దే కాదు. నాటి మధ్యతరగతి ఫోనులన్నింటిది. నాడు మూడేండ్లనుట మంచి మాటగానే చెల్లినది. తరువాత గూగుల్ 2023లో తన పిక్సెల్ 8 ఫోనులకు ఏడేండ్ల సవరణలు ప్రకటించినది. ఐరోపా కూటమి 2025 జూన్ 20నుండి తన విపణిలో అమ్ము ఫోనులకు, అమ్మకము నిలిపిన తరువాత కూడ కనీసము అయిదేండ్లు సవరణలు అందుబాటులో ఉండవలెనని, బ్యాటరీ 800 మారులు నింపి వాడిన తరువాత నూటికి ఎనుబది వంతులైన సామర్థ్యము నిలుపుకొనవలెనని నియమము పెట్టినది. ఇంజనీర్లకు ఇది చేతకాని పని కాదని దీనివలన తెలియుచున్నది. మన అంగళ్లలో కూడ ఈ రెండు పంక్తులు వివరపట్టికలో, కెమేరా పంక్తికంటె పైన, అచ్చు కావలెనని నా కోరిక.

పట్టికలో కనబడని మరికొన్ని సంగతులు. ఫోను చుట్టు చట్రము ప్లాస్టిక్కుది. దీనిని లోపమనుట న్యాయము కాదు. లోహపు చట్రము రేడియో తరంగములను అడ్డగించును గనుక దానిలో చీలికలు పెట్టవలసి వచ్చును. ప్లాస్టిక్కునకు ఆ బాధ లేదు. కాని చెప్పి అమ్మవలసినది. నీటినుండి రక్షణకు అధికారికమైన శ్రేణి ఏదియు దీనికి లేదు. వానలో హైటెక్ సిటీ కూడలి వద్ద మోటారు సైకిలుపై చిక్కుకొన్నవారు జేబును నమ్ముకొనరాదు. శరీరము గ్రహించు రేడియో శక్తికి మన దేశమున 2012 సెప్టెంబరు 1నుండి కిలోగ్రామునకు 1.6 వాట్ల పరిమితి, ఒక గ్రాము కండరముపై సగటున, అమలులో ఉన్నది. *#07# అని నొక్కిన ఫోనులలో ఆ విలువ కనబడును. ఉపాధ్యాయులు తరగతిలో పది ఫోనుల విలువలను పలకపై వ్రాయించవచ్చును. ప్రక్కనున్న మూడు మెట్ల మీటను కూడ ఇచట మెచ్చుకొనవలెను. మ్రోత, కంపము, నిశ్శబ్దము అను మూడు స్థితులను చూడకయే వ్రేలితో మార్చవచ్చును. తరగతి గదిలో ఉపాధ్యాయునికి ఆరు కెమేరాలకంటె ఇదియే ఎక్కువ ఉపకారి.

తెలుగు సంగతి పట్టికలో ఒక మూలనైనను ఉండదు. ఆండ్రాయిడ్ 5తో, 2014లో, ఫోను ఆజ్ఞలన్నియు తెలుగులో చదువుకొను వీలు కలిగినది. 2016లో వెలువడిన ఐఎస్ 16333 మూడవ భాగమను భారతీయ ప్రమాణము, ఫోనులు అన్ని భారతీయ భాషల అక్షరములను సరిగా చూపవలెనని విధించినది. అక్షరములు చూపుట తేలిక పని అనుకొనువారికి ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను ఒక్క తెలుగు అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూడి వచ్చినప్పుడు, లక్ష రూపాయల ఐఫోనులలోని సందేశ కార్యక్రమములను కూల్చివేసినది. ఆపిల్ సంస్థ కొద్ది దినములలో సవరణ పంపవలసి వచ్చినది. ‘జ్ఞానము’లోని తొలి అక్షరమే అంతటి ఫోనునకు కొరుకుడు పడకపోయినది! సవరణలు అందుచుండవలెననుటకు ఇదియు ఒక సాక్ష్యము.

2020 సెప్టెంబరు 1నుండి తెలంగాణమున యాదగిరి దూరదర్శన్, టీ-శాట్‌ల ద్వారా పాఠములు మొదలైనప్పుడు అనేక కుటుంబములు పిల్లల చదువుకై శక్తికి మించిన ఫోనులు కొన్నవి. నాటి ఫోనులు నేడు ఆబిడ్సులోని జగదీష్ మార్కెట్టు వంటి చోట్ల చేతులు మారుచున్నవి. అటువంటి నార్డ్‌ను ఇంటర్మీడియట్ విద్యార్థి చవుకగా కొనదలచిన నేను వలదనను. పాఠములు చూచుటకు, బొమ్మలు తీయుటకు, ప్రయోగముల కాలము కొలుచుటకు అది నేటికిని చక్కని పనిముట్టు. తండ్రిగారి బ్యాంకు లెక్కను మాత్రము దానిలో పెట్టరాదు. కొనకమునుపు సెట్టింగులలో ‘ఫోను గురించి’ అను చోట తెరచి భద్రతా సవరణ తేదీని చదువవలెను. ఆ తేదీనుండి నేటివరకు ఎన్ని నెలలైనవో లెక్కించి, బేరము అచటనుండి ప్రారంభింపవలెను.